బ్యారక్ దాటిన వైద్య పత్రిక

1970లో అమెరికా సైనిక వైద్యుల సంఘం పత్రిక 'మిలిటరీ మెడిసిన్'లో ఆరు పేజీల వ్యాసం ఒకటి అచ్చయింది. వియత్నాం యుద్ధంలో చనిపోయిన 2,600 మంది సైనికుల గాయాల లెక్క అది. వాళ్లలో 193 మంది చేతికో కాలికో తగిలిన గాయం నుంచి నెత్తురు కారిపోయి ప్రాణాలు వదిలారని అందులో తేలింది. అంటే నూటికి ఏడుగురు. తలకో గుండెకో దెబ్బ తగిలి ఉంటే ఎంత పెద్ద వైద్యుడున్నా చేయగలిగేది తక్కువే. వీళ్లకు మాత్రం గాయానికి కాస్త ఎగువన ఒక పట్టీ గట్టిగా బిగిస్తే సరిపోయేది.

ఆ పట్టీ పేరు టోర్నికెట్. కొత్త వస్తువేమీ కాదు. ఫ్రెంచి వైద్యుడు ఝాన్ లూయీ పెటీ 1718లోనే మర తిప్పి బిగించే టోర్నికెట్ తయారుచేశాడు. అయితే రెండు ప్రపంచ యుద్ధాలు ముగిసేసరికి దానికి చెడ్డపేరు వచ్చింది. గంటల తరబడి బిగించి వదిలేస్తే కింది కండరాలు చచ్చిపోతాయి, ఆ కాలో చెయ్యో తీసేయాల్సి వస్తుంది. అందుకని ప్రథమ చికిత్స పుస్తకాలు దాన్ని గత్యంతరం లేనప్పుడే వాడమన్నాయి. 1970 నాటి లెక్క ఆ భయాన్ని కదల్చలేకపోయింది. 1984లో సైనిక శస్త్రవైద్యుడు రోనాల్డ్ బెలమీ అదే పత్రికలో యుద్ధమరణాల కారణాల మీద మరో వ్యాసం రాశాడు. 1996 ఆగస్టులో, మళ్లీ అదే పత్రిక అనుబంధ సంచికలో, ఫ్రాంక్ బట్లర్ బృందం ఏకంగా కొత్త పద్ధతినే ప్రతిపాదించింది. ఈ బట్లర్ మొదట నౌకాదళ కమాండో, ఆ తర్వాత కంటి వైద్యుడు. తూటాలు వస్తున్నప్పుడు ఏం చేయాలి, అవి ఆగాక ఏం చేయాలి, తరలించేటప్పుడు ఏం చేయాలి అని ఆ బృందం చికిత్సను మూడు దశలుగా విడగొట్టింది. మొదటి దశలో కారిపోతున్న నెత్తుటిని ఆపడమే ముఖ్యం, దానికి టోర్నికెట్టే సాధనం అని తేల్చిచెప్పింది.

కమాండో దళాలు, రేంజర్ రెజిమెంటు వెంటనే అందుకున్నాయి. మామూలు సైన్యం అందుకోలేదు. 2001లో అఫ్గానిస్థాన్‌కు బయల్దేరిన అమెరికా సైనికుల్లో ఎక్కువమంది దగ్గర సరైన టోర్నికెట్ లేదు. అది అందరి జేబుల్లోకీ చేరేసరికి 2005 వచ్చింది. 2006లో బాగ్దాద్ ఆసుపత్రికి వచ్చిన 232 మంది క్షతగాత్రులను జాన్ క్రాగ్ బృందం పరిశీలించింది. షాక్‌లోకి జారకముందే టోర్నికెట్ బిగించినవాళ్లలో నూటికి 90 మంది బతికారు. జారాక బిగించినవాళ్లలో బతికింది పది మందే. టోర్నికెట్ మూలంగా కాలు, చెయ్యి పోయినవాళ్లు ఒక్కరూ లేరు.

1970 నుంచి 2005 దాకా 35 ఏళ్లు. ఈ ఆలస్యానికి తప్పంతా పత్రికదేనంటే అన్యాయం. సైన్యంలో పాత పాఠం మార్చడం ఎంత కష్టమో అందరికీ తెలిసిందే. కానీ ఒక ప్రశ్న అడగక తప్పదు. ఆ ఆరు పేజీలు చదివిందెవరు? సంఘం సభ్యుల ఇళ్లకూ, కొన్ని గ్రంథాలయాలకూ వెళ్లిన ఆ సంచిక ఏడాది తిరిగేలోపు బైండు చేసిన సంపుటమై బీరువా ఎక్కింది. సైనిక వైద్య పత్రికల ప్రచురణలో గత పదిహేనేళ్లుగా వస్తున్న మార్పుల కథ ఆ బీరువా దగ్గరే మొదలవుతుంది.

ఈ జాతి పత్రికలకు వయసు ఎక్కువే. రష్యాలో 1823లో మొదలైన సైనిక వైద్య పత్రిక ఇప్పటికీ వస్తోంది. అమెరికా పత్రిక మూలాలు, చికాగో శస్త్రవైద్యుడు నికొలస్ సెన్ 1891లో స్థాపించిన సంఘంలో ఉన్నాయి. 1907లో 'ది మిలిటరీ సర్జన్' అయిన ఆ పత్రిక 1955లో 'మిలిటరీ మెడిసిన్'గా మారింది. అన్నిటికన్నా ఆసక్తికరమైనది మాత్రం బ్రిటన్ కథ.

అక్కడ రాయల్ ఆర్మీ మెడికల్ కోర్ 1898లో ఏర్పడింది. మరుసటి ఏడే దక్షిణాఫ్రికాలో బోయర్ యుద్ధం వచ్చిపడింది. ఆ యుద్ధంలో బ్రిటిష్ పక్షాన చనిపోయిన సుమారు 22 వేలమందిలో ఎక్కువమందిని శత్రువు చంపలేదు, రోగాలు చంపాయి. ఒక్క టైఫాయిడే 57 వేలమందికి పైగా సైనికులకు సోకి 8 వేలకు పైగా ప్రాణాలు తీసింది. కలుషితమైన నీళ్లు, ఈగలు, మరుగుదొడ్ల నిర్వహణ తెలియని అధికారులు. ఆ పరాభవం తర్వాత సైనిక వైద్యాన్ని కుదుళ్లతో సహా సంస్కరించే ప్రయత్నం జరిగింది. 1903 జులైలో మొదలైన 'జర్నల్ ఆఫ్ ది రాయల్ ఆర్మీ మెడికల్ కోర్' ఆ సంస్కరణలో ఒక భాగం. ప్రపంచమంతా చెదిరి ఉన్న కోర్ అధికారులు తమ అనుభవాలు పంచుకోవాలనేది ఉద్దేశం. దానితోపాటే 'కోర్ న్యూస్' ఉండేది. ఎవరికి బదిలీ అయింది, ఎవరు పదోన్నతి పొందారు, ఎవరు చనిపోయారు వంటి ఇంటి కబుర్లన్నీ అందులోనే. శాస్త్రమూ, సంసారమూ పక్కపక్కనే నడిచాయన్నమాట.

ఆ పత్రిక తొలి పరీక్ష టైఫాయిడ్ టీకాతోనే వచ్చింది. నెట్లీలోని సైనిక వైద్య పాఠశాలలో ఆచార్యుడైన ఆల్మ్‌రోత్ రైట్ ఆ టీకాను తయారుచేశాడు. బోయర్ యుద్ధానికి వెళ్లినవాళ్లలో సుమారు 14 వేలమంది స్వచ్ఛందంగా వేయించుకున్నారు. పనిచేసిందా లేదా? రైట్ బ్రహ్మాండంగా పనిచేసిందన్నాడు. 1904లో గణాంక శాస్త్రవేత్త కార్ల్ పియర్సన్ ఆ సైనిక లెక్కలన్నీ తిరగేసి, అవి ఒకదానితో ఒకటి పొసగడం లేదనీ, టీకాకూ రక్షణకూ మధ్య కనిపించే సంబంధం ఒక విధానంగా అమలుచేసేంత బలమైనది కాదనీ, పద్ధతిగా ప్రయోగం చేసి చూడాలనీ రాశాడు. ఇద్దరూ 'బ్రిటిష్ మెడికల్ జర్నల్' పేజీల్లో ఘాటుగా తలపడ్డారు. చెదురుమదురు అధ్యయనాల ఫలితాలను ఒకచోట చేర్చి తూచే పద్ధతికి వైద్యంలో తొలి ఉదాహరణల్లో ఒకటిగా పియర్సన్ వ్యాసాన్ని ఇవాళ్టికీ చెప్పుకుంటారు.

చిక్కు విడదీసింది విలియం లీష్‌మన్. సైనిక వైద్యుడే. భారతదేశంలో ఉన్న బ్రిటిష్ దళాల్లో టీకా వేయించుకున్నవాళ్లనూ, వేయించుకోనివాళ్లనూ విడివిడిగా గమనించి లెక్కలు రాసే ఏర్పాటు చేశారు. ఆ ఫలితాలను లీష్‌మన్ కోర్ పత్రికలోనే ప్రకటించాడు. టీకా నిలబడింది. మొదటి ప్రపంచ యుద్ధంలో అంతకు ఎన్నోరెట్లు పెద్ద సైన్యం నాలుగేళ్లు బురద కందకాల్లో పడి ఉన్నా, బ్రిటిష్ దళాల్లో టైఫాయిడ్ తరహా జ్వరాల కేసులు 20 వేల దగ్గరే ఆగాయి. మరణాలు 1,200 లోపే.

ఒక కోర్ తన ఇంటి పత్రికలో తన లెక్కలు తానే వేసుకుని, తన తప్పు తానే దిద్దుకోగలిగింది. ఇంటి పత్రికకు ఉన్న బలం ఇది. కానీ బలహీనతా దాని పక్కనే ఉంది. అదే లీష్‌మన్ తన పేరు చిరస్థాయిగా నిలిపిన ఆవిష్కరణను ఎక్కడ ప్రకటించాడో చూడండి. కలకత్తా దగ్గరి డమ్‌డమ్‌లో పనిచేసి, ఇంగ్లండు చేరాక చనిపోయిన ఒక సైనికుడి ప్లీహంలో అతను 1900లో అంతుబట్టని సూక్ష్మకణాలను చూశాడు. ఆ సంగతి, కోర్ పత్రిక ఇంకా మొదలుకాకముందే, 1903 మేలో 'బ్రిటిష్ మెడికల్ జర్నల్'లో అచ్చయింది. అదే పత్రికలో రెండు నెలలకు, మద్రాసు జనరల్ ఆసుపత్రిలో పనిచేస్తున్న చార్లెస్ డోనోవన్ తనకూ అవే కనిపించాయని రాశాడు. ఆ ఏడాదే రోనాల్డ్ రాస్ ఇద్దరి పేర్లూ కలిపి ఆ కాలా అజార్ పరాన్నజీవికి 'లీష్మానియా డోనోవని' అని పేరు పెట్టాడు. సికింద్రాబాద్ బేగంపేటలో 1897 ఆగస్టు 20న దోమ కడుపులో మలేరియా క్రిమిని పట్టుకున్న రాస్ కూడా సైనిక హోదా ఉన్న వైద్యుడే, ఇండియన్ మెడికల్ సర్వీస్‌లో అధికారి. ఆ ఫలితాన్ని అతను కూడా అదే ఏడాది డిసెంబరు 18న 'బ్రిటిష్ మెడికల్ జర్నల్'లోనే వెలువరించాడు. ముందు ఎవరు కనుగొన్నారనేది అచ్చయిన తేదీని బట్టే తేలుతుంది. పదిమందీ చదివే చోట అచ్చయితేనే ఆ తేదీకి విలువ. అందుకని ఇంట్లో పండిన మేలైన పంట ఎక్కువగా బయటి సంతకే వెళ్లింది.

మన సైన్యం చరిత్రా ఇంతే. 1962 చైనా యుద్ధంలోనూ, ఆ తర్వాతా మైదానాల నుంచి ఉన్నట్టుండి హిమాలయాల ఎత్తులకు చేరిన జవాన్లు తలనొప్పి, వాంతులు, ఊపిరితిత్తుల్లో నీరు చేరడం వంటి బాధలతో కుప్పకూలారు. ఇందర్ సింగ్ నాయకత్వంలో సైనిక వైద్యులు అలాంటి 1,925 మంది కేసులను అధ్యయనం చేశారు. ఎత్తు జబ్బు మీద ఇప్పటికీ ప్రపంచమంతా ఉదహరించే ఆ వ్యాసం 1969లో అమెరికాలోని 'న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్'లో వచ్చింది. అప్పటికి మన సైనిక వైద్యులకు సొంత పత్రిక లేక కాదు. 1943 ఏప్రిల్ 3న ఇండియన్ ఆర్మీ మెడికల్ కోర్ పుట్టిన రెండేళ్లకే దాని పత్రికా పుట్టింది. అదే ఇప్పుడు పుణెలోని సాయుధ దళాల వైద్య కళాశాల నుంచి వెలువడే 'మెడికల్ జర్నల్ ఆర్మ్‌డ్ ఫోర్సెస్ ఇండియా'.

ఈ వలస ఆగకపోగా ఇంపాక్ట్ ఫ్యాక్టర్ వచ్చాక ఇంకా పెరిగింది. ఒక పత్రికలో గత రెండేళ్లలో వచ్చిన వ్యాసాలను ఈ ఏడాది ఇతరులు ఎన్నిసార్లు ఉదహరించారో లెక్కగట్టి, దాన్ని ఆ వ్యాసాల సంఖ్యతో భాగిస్తే వచ్చే అంకె అది. గుండె జబ్బుల పత్రికకు లక్షల్లో పాఠకులుంటారు. తూటా గాయాల పత్రికకు ఎంతమంది? అంకె చిన్నదవుతుంది. అంకె చిన్నదైతే మంచి వ్యాసం రాసినవాడు అటు చూడడు. అతను చూడకపోతే అంకె ఇంకా చిన్నదవుతుంది. క్రాగ్ టోర్నికెట్ లెక్కలు 'యానల్స్ ఆఫ్ సర్జరీ'కి వెళ్లాయి. 2001 నుంచి 2011 దాకా జరిగిన 4,596 అమెరికా యుద్ధమరణాల విశ్లేషణ 2012లో గాయచికిత్సా నిపుణుల పత్రికలో వచ్చింది. బ్రిటిష్ సైనిక వైద్యులు ముందు నెత్తురు ఆపు, ఆ తర్వాతే శ్వాస సంగతి చూడు అంటూ అత్యవసర చికిత్స వరుసక్రమాన్నే మార్చిన వ్యాసం 2006లో 'ఎమర్జెన్సీ మెడిసిన్ జర్నల్'లో వచ్చింది. సైనిక పత్రికలకు మిగిలింది ఏమిటని సంపాదకులు తలపట్టుకున్నారంటే ఆశ్చర్యం లేదు.

వైద్య వ్యాసం దొరకాలంటే ముందు అది సూచికలో ఉండాలి. తమాషా ఏమిటంటే, ఆ సూచిక కూడా సైన్యంలో పుట్టిందే. అమెరికా అంతర్యుద్ధం ముగిసిన 1865లో సైనిక వైద్యుడు జాన్ షా బిల్లింగ్స్ చేతికి సర్జన్ జనరల్ కార్యాలయ గ్రంథాలయం వచ్చింది. అప్పటికి అందులో ఉన్నవి రెండు వేల పైచిలుకు సంపుటాలు. అబ్రహాం లింకన్ హత్య జరిగిన ఫోర్డ్ నాటకశాలనే ప్రభుత్వం కొన్నాక కొన్నేళ్లపాటు ఆ గ్రంథాలయం అందులోనే ఉంది. బిల్లింగ్స్ లోకంలో దొరికిన వైద్య పత్రికలన్నీ తెప్పించడమే కాదు, వాటిలోని ఒక్కొక్క వ్యాసాన్నీ అంశాలవారీగా నమోదు చేయించాడు. 1879లో నెలనెలా వెలువడే 'ఇండెక్స్ మెడికస్' ప్రారంభించాడు. అతను 1895లో వెళ్లిపోయేనాటికి గ్రంథాలయం లక్ష సంపుటాలు దాటింది. ఆ సైనిక గ్రంథాలయమే 1956లో జాతీయ వైద్య గ్రంథాలయమైంది. 'ఇండెక్స్ మెడికస్' 1960లలో కంప్యూటర్‌కెక్కి, 1971లో మెడ్‌లైన్‌గా, 1996లో పబ్‌మెడ్‌గా మారింది. 2015లో భారత వైద్య మండలి బోధనా వైద్యుల పదోన్నతికి సూచికల్లో చేరిన పత్రికల్లో వ్యాసాలుండాలని షరతు పెట్టినప్పుడు, ఆ జాబితాలో 'ఇండెక్స్ మెడికస్', పబ్‌మెడ్ రెండూ ఉన్నాయి. కర్నూలులోనో వరంగల్లులోనో పదోన్నతి కోసం వ్యాసం రాసుకునే అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు, అంతర్యుద్ధం నాటి ఒక కెప్టెన్ మొదలుపెట్టిన పనితో ముడిపడ్డామని తెలిసే అవకాశం తక్కువ.

ఇక గత పదిహేనేళ్ల మార్పుల సంగతి. తెరవెనక జరిగింది స్థూలంగా ఒక్కటే. ఇన్నాళ్లూ సంఘమో, కోర్ కార్యాలయమో స్వయంగా నడుపుకున్న పత్రిక పెద్ద ప్రచురణ సంస్థ గొడుగు కిందికి చేరింది. 'మిలిటరీ మెడిసిన్' ప్రచురణను 2018లో ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ ప్రెస్ చేపట్టింది. మన పుణె పత్రిక ఎల్సెవియర్ ద్వారా వస్తోంది. చైనా 2014లో సరికొత్త పత్రిక 'మిలిటరీ మెడికల్ రీసెర్చ్'ను బయోమెడ్ సెంట్రల్ ద్వారా, మొదటి రోజు నుంచే ఎవరైనా ఉచితంగా చదువుకునేలా ప్రారంభించింది. బ్రిటిష్ కోర్ వైద్యులు ఏ సంస్థ పత్రికకు తమ మేలిమి వ్యాసాలను ధారపోశారో, ఆ బీఎంజే ('బ్రిటిష్ మెడికల్ జర్నల్') సంస్థ దగ్గరికే కోర్ పత్రిక చేరింది. 2020లో పేరూ మార్చుకుంది. 166వ సంపుటం నుంచి అది 'బీఎంజే మిలిటరీ హెల్త్'.

పేరు మార్చడం చూసినంత తేలిక కాదు. ప్రతి పత్రికకూ ఐఎస్‌ఎస్‌ఎన్ అనే ఎనిమిది అంకెల సంఖ్య ఉంటుంది. పేరు గణనీయంగా మారితే ఆ సంఖ్యా మారుతుంది. ఉదహరింపులు లెక్కగట్టే సంస్థల దృష్టిలో పాత పేరు, కొత్త పేరు రెండు వేరు పత్రికలు. కష్టపడి సంపాదించుకున్న ఇంపాక్ట్ ఫ్యాక్టర్ ఒకటి రెండేళ్లు రెండు ముక్కలవుతుంది. గ్రంథాలయ కేటలాగుల్లో పాతదాన్ని కొత్తదానికి కలుపుతూ నోటు రాసుకోవాలి. సంపుటాల వరుసను తెంచకుండా 166 నుంచే కొనసాగించడం ఈ నష్టాన్ని కొంతైనా తగ్గించుకోవడానికి పనికొస్తుంది. వ్యాసాలకు మాత్రం డీఓఐ అనే శాశ్వత సంఖ్య ఉంటుంది కాబట్టి పేరు మారినా, యజమాని మారినా, ఆ సంఖ్య కొడితే వ్యాసం ఎక్కడుంటే అక్కడికి తీసుకెళ్తుంది. 1903 నాటి సంచికలనూ డిజిటల్ రూపంలోకి తెచ్చారు.

ఇంత నష్టానికి ఓర్చి మార్చడం ఎందుకంటే, పాత పేరు పాఠకుడిని గుమ్మం దగ్గరే ఆపేస్తుంది. 'ఫలానా దేశపు ఫలానా దళం పత్రిక' అని అట్టమీద ఉంటే నౌకాదళ వైద్యుడు తనది కాదనుకుంటాడు. మరో దేశపు వైద్యుడు తనకేం పని అనుకుంటాడు. నర్సులు, ఫిజియోథెరపిస్టులు, మానసిక వైద్యులు సరేసరి. యుద్ధవైద్యం ఇప్పుడు శస్త్రచికిత్స ఒక్కటే కాదు. రిటైరైన సైనికుల మనోవ్యాధులు, మహిళా సైనికుల ఆరోగ్యం, ఎబోలా వంటి అంటురోగాల కట్టడి అన్నీ అందులోకి వస్తాయి. పేరులో 'మెడికల్ కోర్' తీసేసి 'హెల్త్' చేర్చడం ఆ రకంగా సబబే. పైగా పత్రిక పేరు మారిన నాలుగేళ్లకు కోరే లేకుండా పోయింది. 2024 నవంబరులో వైద్య, దంత, నర్సింగ్ కోర్‌లను కలిపేసి రాయల్ ఆర్మీ మెడికల్ సర్వీస్‌ను ఏర్పాటు చేశారు. పాత పేరే పట్టుకుని ఉంటే పత్రిక ఈపాటికి లేని దళం పేరు మోస్తూ ఉండేది. ఇంటి కబుర్లు పోయాయని పాతకాపులు బాధపడొచ్చు. ఆ బాధలో న్యాయముంది. చరిత్రకారులకు ఆ బదిలీల జాబితాలే బంగారు గని.

ప్రచురణకర్త ఎవరైనా సైనిక వైద్య వ్యాసానికి రెండు గడపలుంటాయి. ఒకటి అన్ని పత్రికలకూ ఉండేదే, తోటి నిపుణుల సమీక్ష. రెండోది సైన్యం అనుమతి. సర్వీసులో ఉన్న వైద్యుడు తన పై అధికారుల ఆమోదం లేకుండా అచ్చుకు పంపలేడు. అమెరికా వ్యాసాల చివర ఇవి రచయిత అభిప్రాయాలు, ప్రభుత్వ విధానం కావు అనే వాక్యం కనబడుతుంది. కారణాలు బలమైనవే. ఫలానా నెలలో, ఫలానా లోయలో, ఇంతమందికి ఈ చోట గాయమైందంటే, రక్షణ కవచం ఎక్కడ బలహీనంగా ఉందో శత్రువుకు చెప్పినట్టే. పన్నెండు మంది ఉన్న చిన్న దళంలో పేరు రాయకపోయినా గాయపడిందెవరో ఊళ్లో అందరికీ తెలిసిపోతుంది.

అయితే గోప్యతకు ఇంకో ముఖమూ ఉంది. ఇరాక్‌లో మొండెం మీద తగిలిన గాయాలతో చనిపోయిన మెరైన్లలో 80 శాతం దాకా, పక్కలకూ భుజాలకూ కవచం ఉండి ఉంటే బతికేవారని అమెరికా సైనిక వైద్య పరీక్షకులు తేల్చిన అధ్యయనం ఏ పత్రికలోనూ రాలేదు. 2006 జనవరిలో అది 'న్యూయార్క్ టైమ్స్' చేతికి చిక్కాకే లోకానికి తెలిసింది. ఇంకా వెనక్కి వెళ్తే, క్యాన్సర్ మందుల చరిత్రలోనే ఇలాంటి మూత ఒకటుంది. మస్టర్డ్ గ్యాస్ తరహా రసాయనం లింఫ్ గ్రంథుల కణితిని కరిగిస్తుందని యేల్ విశ్వవిద్యాలయంలో 1942లోనే ఒక రోగి మీద చూశారు. 1943 డిసెంబరు 2న ఇటలీలోని బారీ రేవు మీద జర్మన్ విమానాలు బాంబులు వేసినప్పుడు, ఒక అమెరికా నౌకలో రహస్యంగా దాచిన మస్టర్డ్ బాంబులు పగిలి వందలమంది ఆసుపత్రి పాలయ్యారు. వాళ్ల తెల్ల రక్తకణాలు ఎలా పడిపోయాయో సైనిక వైద్యుడు స్టీవర్ట్ అలెగ్జాండర్ నివేదిక రాశాడు. అదీ రహస్యమే. యేల్ ఫలితాలు బయట అచ్చయింది 1946లో. నాలుగేళ్ల పాటు క్యాన్సర్ వైద్యులకు ఆ దారి ఉందనే తెలియదు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు బృందం తయారుచేసిన అమినోప్టెరిన్‌తో పిల్లల రక్త క్యాన్సర్ తాత్కాలికంగా తగ్గిందన్న సంగతి మాత్రం, యుద్ధం లేని కాలం కాబట్టి, 1948లో అందరూ చదివే పత్రికలో వచ్చింది. యుద్ధ అవసరం తీరాక కూడా మూత తీయకపోవడం అలవాటు తప్ప భద్రత కాదు.

డబ్బు మాట కూడా చెప్పుకోవాలి. అమెరికా చట్టం ప్రకారం ప్రభుత్వోద్యోగి విధుల్లో భాగంగా రాసినదానికి ఆ దేశంలో కాపీరైటే లేదు. బ్రిటన్‌లో అది రాజముద్ర కాపీరైటు. అంటే ప్రజల సొమ్ముతో, ప్రజల సైన్యంలోని వైద్యుడు రాసిన వ్యాసం నిజానికి ప్రజలది. అయినా ప్రచురణ సంస్థ వెబ్‌సైటులో అది చందా గోడ వెనక ఉండొచ్చు. గోడ తీయాలంటే రచయితే ఎదురు చెల్లించాలనేది ఇప్పుడు ఎక్కువ పత్రికల్లో నడుస్తున్న పద్ధతి. పెద్ద ఆసుపత్రిలోని పరిశోధకుడికి గ్రాంటు ఉంటుంది. సరిహద్దు శిబిరంలో ఒంటరిగా కేసులు రాసుకునే కెప్టెన్‌కు ఎవరు కడతారు? అమెరికా ప్రభుత్వం 2022 ఆగస్టులో, ప్రభుత్వ నిధులతో జరిగిన పరిశోధనలన్నీ 2025 చివరికల్లా అచ్చయిన వెంటనే ఉచితంగా అందాలని తన సంస్థలకు చెప్పింది. రక్షణశాఖా అందులో ఉంది. పెద్ద సంస్థల గొడుగు కిందికి చేరడం వల్ల పత్రికలకు సమీక్షా వ్యవస్థ, సూచికల్లో చోటు, పాఠకులు దక్కారు. ఆ లాభం పెద్దదే. కానీ ఆ గొడుగు అద్దె చిన్న హోదా వైద్యుడి మీద పడితే, మళ్లీ కొందరే రాసి కొందరే చదివే రోజులు వస్తాయి.

వేగం పెరిగితే ఏమవుతుందో ఉక్రెయిన్ చూపించింది. 2022 ఫిబ్రవరిలో యుద్ధం మొదలయ్యేనాటికి టోర్నికెట్ ప్రతి సైనికుడి దగ్గరా ఉండాల్సిన వస్తువని ఎవరికీ సందేహం లేదు. అయితే అక్కడ ఆకాశం డ్రోన్లది. హెలికాప్టర్ రాదు, గంటలో ఆసుపత్రికి చేర్చే అవకాశం లేదు. బిగించిన పట్టీలు గంటలకొద్దీ అలాగే ఉండిపోయి, నిలిచే కాళ్లు కూడా పోవడం మొదలైంది. టోర్నికెట్‌ను ఎప్పుడు విప్పి మామూలు కట్టుగా మార్చాలో మళ్లీ నేర్పాలనే వ్యాసాలు 2023లోనే వచ్చేశాయి. 1996లో టోర్నికెట్ వాడమన్న బట్లర్ కూడా ఈ కొత్త చర్చలో ఉన్నాడు. 35 ఏళ్లు పట్టిన పాఠానికి సవరణ రావడానికి ఏడాదిన్నర చాలింది.

ఇదంతా సైన్యాల గొడవ అనుకోనక్కర్లేదు. అమెరికాలో సైనిక పాఠాలు 2015 నుంచి 'స్టాప్ ద బ్లీడ్' పేరుతో బడి పిల్లలకూ, బస్సు డ్రైవర్లకూ చేరుతున్నాయి. మన దేశంలో 2022లో రోడ్డు ప్రమాదాలు 1,68,491 మందిని బలితీసుకున్నాయి. నెత్తురు ఆపడం తెలిసినవాడు పక్కన ఉండి ఉంటే వాళ్లలో కొందరైనా బతికేవారు. ఎత్తు జబ్బు నుంచి పాముకాటు దాకా, వడదెబ్బ నుంచి తూటా గాయం దాకా మన సైనిక వైద్యులు రాసినవి 'మెడికల్ జర్నల్ ఆర్మ్‌డ్ ఫోర్సెస్ ఇండియా' పాత సంచికల్లో ఉన్నాయి. పబ్‌మెడ్ సెంట్రల్‌లో వాటిని ఎవరైనా పూర్తిగా చదువుకోవచ్చు. చందా లేదు, లాగిన్ అవసరం లేదు. తెలుగు రాష్ట్రాల వైద్య విద్యార్థులు, 108 సిబ్బందికి శిక్షణనిచ్చేవాళ్లు ఒకసారి అటు వెళ్లి చూడాలి.